పదును ఆరకముందే: ఇంటి సేద్యానికి కొత్త ట్రాక్టర్ కొనడం ఎలా

మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే మా నార్పల వైపు ఏ ఊళ్లో చూసినా ట్రాక్టర్ ఉన్నవాళ్ల ఇంటి ముందు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. "అన్నా, ఈరోజు మా చేనికి రా అన్నా." "మామా, నిన్న రాత్రే చెప్పినా కదా, మాదే ముందు." అందరికీ కావాల్సింది అదే రోజు, అదే బండి. ఎర్ర నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, రెండు మూడు రోజులకు మించి నిలవదు. గాలి తోలితే ఇంకా ముందే ఆరిపోతుంది. మన వంతు నాలుగో రోజు వచ్చిందంటే విత్తనం పొడి మట్టిలో పడినట్టే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురంలో ఒక పదును పోవడమంటే ఏమిటో సేద్యం చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మా ఇంట్లో ట్రాక్టర్ కొనాలన్న మాట అలాంటి ఒక నాలుగో రోజునే మొదలైంది. నాలుగెకరాలు చెనిక్కాయ (వేరుశనగ), అందులో కంది సాళ్లు, రెండెకరాలు చీనీ (బత్తాయి), ఇంటి దగ్గర నాలుగు ఎనుములు (గేదెలు). ఇదీ మా సేద్యం. కొనేటప్పుడు కొన్ని పనులు సరిగ్గా చేశాం, కొన్నింటిలో దెబ్బతిన్నాం. ఇప్పుడు కొనాలనుకుంటున్న మీకు ఆ రెండూ పనికొస్తాయని వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక నోటుబుక్కు

షోరూమ్ గడప తొక్కకముందే ఒక నోటుబుక్కు తీసుకోండి. పోయిన ఏడాది మీ పనులకు ట్రాక్టర్ ఎన్ని గంటలు తిరిగిందో నెలల వారీగా రాయండి. వేసవి దుక్కి, వాన పడ్డాక రెండో దుక్కి, విత్తనం, దిబ్బ ఎరువు తోలడం, చెట్ల మధ్య సేద్యం, మందు కొట్టడం, కాయ ఇంటికి చేర్చడం, గడ్డి తోలడం, ఎండాకాలంలో ట్యాంకర్‌తో చెట్లకు నీళ్లు. ఇంట్లో ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. మేత, దిబ్బ, నీళ్ల తోలకాలు మగవాళ్ల కన్నా వాళ్లకే బాగా గుర్తుంటాయి. నేను మరిచిపోయిన 30 గంటల పని మా అమ్మ గుర్తుచేసింది.

మా ఆరెకరాలకు ఏడాదికి 140 గంటలు తేలాయి. ఇక డబ్బు లెక్క. బండి ధర 7 లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత రెండున్నర లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే ఏడాదికి 45 వేలు తరుగు. ఈ పదేళ్లలో బండిలో సగటున ఉండే నాలుగు ముప్పావు లక్షలకు నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీ వేసుకుంటే ఇంకో 47 వేలు. బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీ అన్నీ కలిపి సగటున 28 వేలు. అంటే బండి కదలకుండా చెట్టు కింద నిలబడి ఉన్నా ఏడాదికి లక్షా 20 వేలు ఖర్చు. పైన గంటకు నాలుగు లీటర్ల డీజిల్, సుమారు 400 రూపాయలు. బాడుగ గంటకు వెయ్యి రూపాయలు అనుకుంటే, సొంత బండితో గంటకు మిగిలేది 600. లక్షా 20 వేలను 600తో భాగించండి, 200 గంటలు వస్తుంది. ఏడాదికి 200 గంటల సొంత పని లేకపోతే బాడుగే చవక. మీ ఊరి బాడుగ రేటు, మీరు చూసిన బండి ధర పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

ఈ లెక్క చూసి నేను రెండు రోజులు దిగాలుపడ్డాను. మా 140 గంటలకు బండి గిట్టదు. కానీ పదును విలువ ఈ లెక్కలోకి రాదు. సరైన రోజున పడిన విత్తనానికీ, నాలుగు రోజులు ఆలస్యమైన విత్తనానికీ దిగుబడిలో ఎంత తేడా వస్తుందో మీ చేను మీకే చూపించి ఉంటుంది. అందుకని గిట్టదని వదిలేయకుండా వేరే దారి చూశాం. మా చిన్నాయన వాళ్లకు పక్కనే ఐదెకరాలుంది. వాళ్ల పని 110 గంటలు. రెండిళ్లూ కలిస్తే 250. కలిసి కొన్నాం.

కలిసి కొనేవాళ్లకు ఒక మాట. అన్నదమ్ములైనా సరే, కాగితం మీద రాసుకోండి. బండి ఎవరి పేరున ఉంటుంది, అప్పు కంతు (వాయిదా) ఎవరు ఎంత కడతారు, డీజిల్ ఎవరిది, రిపేరు ఎవరిది. అన్నిటికన్నా ముఖ్యం, పదును వచ్చిన రోజు ఎవరి చేను ముందు. మేం ఒక ఏడాది వాళ్లది, ఒక ఏడాది మాది అని రాసుకున్నాం. ఆ ఒక్క వాక్యం లేకపోయి ఉంటే ఇప్పటికి మా రెండిళ్ల మధ్య మాటలు ఉండేవి కావేమో.

బాడుగలకు తోలి కంతులు కట్టేస్తామన్న ధైర్యంతో మాత్రం కొనకండి. మన చేనికి పదును ఉన్న రోజే పక్కవాళ్ల చేనికీ ఉంటుంది. ఆ రోజు వాళ్లకు తోలితే మనం బండి కొన్న కారణమే పోతుంది. బాడుగ వస్తే మంచిదే, లెక్కలో మాత్రం సున్నా వేసుకోండి.

నేలను బట్టి బలం

ఎంత హెచ్‌పీ కొనాలన్నది ఊళ్లో పక్కవాడి బండిని చూసి కాకుండా మీ నేలను, మీరు తగిలించే పనిముట్టును చూసి తేల్చుకోండి. నార్పల, శింగనమల, ధర్మవరం వైపు తేలిక ఎర్ర నేలల్లో తొమ్మిది కర్రుల కల్టివేటర్ లాగడానికి 35 నుంచి 42 హెచ్‌పీ బండి హాయిగా సరిపోతుంది. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడిలో, ఆదోని పత్తి చేలల్లో, నంద్యాల వైపు శనగ వేసే నేలల్లో పరిస్థితి వేరు. తడిస్తే జిగురు, ఎండితే రాయి. అక్కడ 45 నుంచి 50 హెచ్‌పీ అవసరమవుతుంది. కేసీ కాలువ కింద వరి మడి దమ్ము చేసేవాళ్లకు ఇనుప చక్రాలు తగిలించాలి కాబట్టి బండి బరువు, బురదలో పట్టు కూడా చూసుకోవాలి.

తోటలే ప్రధానమైతే పెద్ద బండి వైపు చూడకండి. చీనీ చెట్లు చిన్నగా ఉన్నప్పుడు ఆరు మీటర్ల ఎడంలో ఏ బండైనా తిరుగుతుంది. పదేళ్లకు కొమ్మలు కలిసిపోయాక పెద్ద ట్రాక్టర్ వెళ్తే కాయలతో సహా కొమ్మలు విరుగుతాయి. పులివెందుల, తాడిపత్రి వైపు చీనీ రైతులు, దానిమ్మ రైతులు 18 నుంచి 27 హెచ్‌పీ మినీ ట్రాక్టర్లు తీసుకోవడం అందుకే. నాలుగు చక్రాలకూ పట్టు ఉండే మినీ బండి మందు ట్యాంకును లాక్కుంటూ మెత్తటి నేలలో కూడా జారకుండా పోతుంది. అయితే దానితో కాయ మూటలు నింపిన పెద్ద ట్రాలీని రోడ్డెక్కించాలనుకోకండి. లాగడం ఒక ఎత్తు, వెనక నుంచి తోసుకొచ్చే బరువును ఆపడం ఇంకో ఎత్తు.

షోరూమ్‌లో హెచ్‌పీ అని చెప్పేది ఇంజన్ బలం. రోటవేటర్‌నో, మందు పంపునో తిప్పేది మాత్రం వెనకున్న పీటీవో షాఫ్టు. అక్కడికి చేరేసరికి బలం నూటికి పది పదిహేను వంతులు తగ్గుతుంది. అందుకని "పీటీవో హెచ్‌పీ ఎంత?" అని అడగండి. రెండో ప్రశ్న, పనిముట్టును పైకెత్తే హైడ్రాలిక్ ఎంత బరువు లేపుతుంది? మూడోది క్లచ్. రోటవేటర్ వాడేవాళ్లు డబుల్ క్లచ్ ఉన్న బండే తీసుకోండి. బండి ఆగినా పనిముట్టు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మట్టి ఇరుక్కున్నప్పుడు సులువు. కల్టివేటర్, గొర్రు, ట్రాలీ మాత్రమే అయితే సింగిల్ క్లచ్ చాలు. బ్రేకులు మాత్రం నూనెలో మునిగి ఉండే రకం అడగండి. పవర్ స్టీరింగ్‌కు పెట్టిన డబ్బు యాభై దాటిన మా చిన్నాయన భుజాలకు మిగిలింది.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. ఆ పెద్ద బండ్లలో ఇంధనం సరఫరాను ఎలక్ట్రానిక్స్ నడిపిస్తాయి. పొగ తగ్గడం మంచిదే. కానీ మన ఊరి మెకానిక్ స్పానర్‌తో తేల్చగలిగే పని కాదది. నిజంగా అంత బలం అవసరమైతే తప్ప ఆ గీత దాటకపోవడమే చిన్న రైతుకు మేలని నా అభిప్రాయం.

పనిముట్ల విషయంలో తొందరపడకండి. కల్టివేటర్, విత్తే గొర్రు, ట్రాలీ మొదట తీసుకోండి. ఎర్ర నేలలో రాళ్లుంటే రోటవేటర్ బ్లేడ్లు చూస్తుండగానే అరిగిపోతాయి. దాన్ని ఏడాదికి రెండుసార్లు వాడటానికి కొనేకన్నా బాడుగకు తెచ్చుకోవడం నయం.

ఇంటిని కొలవండి

ఇది చాలామంది మరిచిపోయే పని. టేపు తీసుకుని వీధి మలుపు, ఇంటి గేటు, పశువుల కొట్టం పక్క సందు, చేనిలోకి దిగే దారి అన్నీ కొలవండి. 40 హెచ్‌పీ బండి వెడల్పు సుమారు ఆరడుగులు, పొడవు పదకొండు పన్నెండు అడుగులు. వెనక ట్రాలీ తగిలిస్తే ఇంకో పదడుగులకు పైనే. గేటు ఎనిమిది అడుగులున్నా వీధి ఇరుకైతే ట్రాలీతో మలుపు తిరగదు. మా గేటు స్తంభం ఒకటి బండి వచ్చిన వారం తర్వాత పడగొట్టి జరపాల్సి వచ్చింది. రేకుల షెడ్డు ఉంటే ఎత్తు కూడా చూసుకోండి, ముఖ్యంగా పైన కప్పు ఉన్న బండి అయితే. గడ్డివాముకు ఆనుకుని ఎప్పుడూ పెట్టకండి. వేడి సైలెన్సర్ దగ్గర ఎండు గడ్డి ఉండకూడదు.

చేనిలో తోలించి చూడండి

రెండు మూడు కంపెనీల బండ్లు చూడండి. కానీ కంపెనీ పేరు కన్నా ముందు సర్వీసు ఎంత దూరంలో ఉందో చూడండి. పదును రోజున బండి ఆగితే మెకానిక్ రెండు గంటల్లో రావాలి. చుట్టుపక్కల అదే మోడల్ రెండు మూడేళ్లుగా వాడుతున్న రైతుల దగ్గరికి వెళ్లి నేరుగా అడగండి: ఏ భాగం పోయింది, అది ఎన్ని రోజులకు దొరికింది, ఫోన్ చేస్తే వచ్చారా? అమ్మేవాళ్లు చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

మన జిల్లాకు ఒక అదృష్టం ఉంది. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, బాగుచూసుకోవడం మీద రైతులకు శిక్షణ ఇస్తారు. కొనకముందే ఇంటినుంచి ఒక పిల్లవాణ్ణి అక్కడికి పంపగలిగితే తర్వాత మెకానిక్‌కు పెట్టే ఖర్చు చాలా తగ్గుతుంది. ట్రాక్టర్లకు ప్రభుత్వం చేసే పరీక్షల్లో ప్రధానమైనది మధ్యప్రదేశ్‌లోని బుద్ని సంస్థలో జరుగుతుంది. ఆ రిపోర్టులో పీటీవో బలం, లాగే శక్తి, డీజిల్ ఖర్చు, ఎత్తే బరువు అంకెలతో ఉంటాయి. మీరు అనుకుంటున్న మోడల్ పరీక్ష రిపోర్టు చూపించమని డీలర్‌ను అడగండి. రంగుల కరపత్రంలోని మాటల కన్నా ఆ అంకెలను నమ్మొచ్చు.

డెమో షోరూమ్ ముందున్న తారు రోడ్డు మీద వద్దు. మీ చేనికి, మీ కల్టివేటర్‌కు తెప్పించండి. డీజిల్ ట్యాంకు మూతి దాకా నింపించండి. ఒక ఎకరా కొలిచి, మీకు కావాల్సిన లోతులో దున్నించండి. పట్టిన టైం రాసుకోండి. అదే చోట, సమానమైన నేల మీద నిలబెట్టి ట్యాంకు మళ్లీ మూతి దాకా నింపండి, ఈసారి లీటరు కొలతతో పోస్తూ. ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఎకరా ఖర్చు. రెండు బండ్లకు ఒకే చేనిలో, ఒకే పదునులో చేస్తేనే పోలిక సరిగా ఉంటుంది. మేం చూసిన రెండు బండ్ల మధ్య ఎకరాకు ముప్పావు లీటరు తేడా వచ్చింది. 250 గంటల పనిలో అది చిన్న డబ్బు కాదు.

నడిపేవాళ్లను కూడా ఆ రోజే ఎక్కించండి. కాలు క్లచ్‌కు సులువుగా అందుతోందా, వెనక్కి తిరిగి పనిముట్టు చూస్తే మెడ పట్టేస్తోందా, గేర్లు ఎక్కడైనా ఇరుక్కుంటున్నాయా? రోజంతా కూర్చునేది వాళ్లే.

ధర, అప్పు

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్ల మీద కూడా 18 నుంచి 5 శాతానికి దించారు. పన్ను లేని ధర 7 లక్షలైతే ఒక్క జీఎస్టీలోనే 49 వేలు తగ్గాలి. కొటేషన్‌లో మూల ధర, జీఎస్టీ విడివిడిగా రాసిమ్మనండి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్, బీమా, అప్పు నమోదు ఖర్చు, బంపర్, హుక్, కప్పు వంటివి ఒక్కొక్కటీ వేరే వరుసలో ఉండాలి. మాకు మొదట ఇచ్చిన కాగితంలో "ఇతరములు" అని ఒకే అంకె ఉంది. విడదీసి రాయమని పట్టుబడితే అందులో మేం అడగని సామాన్లు బయటపడ్డాయి, తీసేయించాం. బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట కూడా రేటు అడిగి చూడండి.

సబ్సిడీ సంగతి బండి కొన్నాక కాకుండా ముందే మీ రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. పథకాలు, వాటా, అర్హత ఏడాదికేడాది మారుతుంటాయి. మంజూరు కాకముందే కొన్న బండికి తర్వాత సబ్సిడీ అడిగితే దక్కదు. ట్రాక్టర్‌కు లేకపోయినా పనిముట్లకు, స్ప్రేయర్లకు ఉండే అవకాశం ఉంది.

అప్పు దగ్గర నిదానంగా కూర్చోండి, ఎందుకంటే రైతు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. వడ్డీ శాతం ఒకటే చెప్పి ఇద్దరు ఇచ్చే అప్పు ఒకటే కాదు. 6 లక్షలు, 9 శాతం, ఐదేళ్లు అనుకోండి. ఫ్లాట్ పద్ధతిలో ఏడాదికి 54 వేల చొప్పున ఐదేళ్లకు 2 లక్షల 70 వేల వడ్డీ. మీరు కంతులు కట్టి అసలు తగ్గిస్తున్నా వడ్డీ మాత్రం మొదటి 6 లక్షల మీదే పడుతుంది. అదే 9 శాతం తగ్గే బాకీ మీద, ఆరునెలలకొక సమాన కంతుగా కడితే మొత్తం వడ్డీ సుమారు లక్షా 58 వేలు. లక్షకు పైగా తేడా! "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే కట్టేస్తే జరిమానా ఉందా అన్నవి కూడా అందులోనే రాయించండి.

ప్రైవేటు ఫైనాన్స్‌లో రెండు రోజుల్లో పని అయిపోతుంది. బ్యాంకులో పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్, ఈసీ వంటి భూమి కాగితాలంటూ మూడు నాలుగు వారాలు తిరగాలి. భూమి తనఖా అడగొచ్చు. అయినా మొదట బ్యాంకుకే వెళ్లండి. మన జిల్లాల రైతులకు బాగా తెలిసిన ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాసుబుక్కులున్నవాళ్లు ఖాతా వివరాలు సరిచూసుకుని వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది.

కంతు తేదీ విషయంలో మేం పొరపాటు చేశాం. నెలనెలా కట్టే కంతుకు ఒప్పుకున్నాం. చెనిక్కాయ డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒకసారి, చీనీ డబ్బు కోతలప్పుడు. మధ్యలో నెలల్లో చేబదుళ్లు తెచ్చి కట్టాం. ఆగస్టు వచ్చిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి తిరిగి తిరిగి ఆరునెలల కంతుకు మార్పించుకున్నాం. మీరు మొదటే అడగండి. మీ పంట అమ్ముకునే నెల దాటాక కంతు పడేలా తేదీ పెట్టించుకోండి. పాల డబ్బు నెలనెలా వచ్చే ఇల్లైతే నెల కంతు కూడా కుదురుతుంది.

బండి ఇంటికి తెచ్చే రోజు

మంచి రోజు చూసుకుని, పూలదండ తీసుకుని వెళ్తాం కదా. ఆ సందడిలో చూడాల్సినవి మరిచిపోతాం. కాబట్టి ముందురోజే వెళ్లి పగటి వెలుతురులో చూసుకోండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బిల్లులో ఉన్నవీ బండి మీద ఉన్నవీ ఒకటేనా? తయారైన నెల, ఏడాది ఏమిటి? ఏడాదిన్నరగా ఎండలో నిలబడిన బండిని కొత్త ధరకు తీసుకోకండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3225 అంటే 2025లో 32వ వారం తయారైందని. నాలుగు టైర్లకూ చూడండి. గంటల మీటరులో రెండు మూడు గంటలుంటే సరే, పది ఇరవై ఉంటే డెమో బండి అయ్యుండొచ్చు. కింద మట్టిమీద నూనె చుక్కలున్నాయేమో వంగి చూడండి. బ్యాటరీ వారంటీ కార్డు, టూల్ కిట్టు, టాప్ లింకు, హుక్కు, సర్వీసు పుస్తకం చేతిలో పడేదాకా బాకీ డబ్బు చివరి విడత ఇవ్వకండి.

రిజిస్ట్రేషన్ ట్రాక్టర్‌కు వేరు, ట్రాలీకి వేరు. చాలామంది ట్రాలీని ఊళ్లోని వెల్డింగ్ షాపులో చేయించి అలాగే తిప్పుతుంటారు. ప్రమాదం జరిగితే ఆ రోజు మన ఇల్లు నిలువునా మునుగుతుంది. నడిపేవాళ్లకు లైసెన్స్ ఉండాలి. వ్యవసాయానికని రిజిస్టర్ చేసిన బండితో ఇసుక, ఇటుకలు బాడుగకు తోలితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పు తీరిన రోజు ఊరికే స్వీట్లు పంచి వదిలేయకుండా, అప్పిచ్చినవాళ్ల దగ్గర నో డ్యూ కాగితం, ఫారం 35 తీసుకుని ఆర్సీలో అప్పు పేరు కొట్టేయించుకోండి.

మొదటి 50 గంటలు

కొత్త బండికి మొదటి 50 గంటలు బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. మరీ లోతు దుక్కి, నిండు ట్రాలీతో ఎత్తు ఎక్కించడం వద్దు. అలాగని గంటలకొద్దీ ఊరికే ఐడిల్‌లో నిలబెట్టడమూ మంచిది కాదు. తేలిక పని, మారుతూ ఉండే వేగం. 50 గంటలకు మొదటి సర్వీసు తప్పకుండా చేయించండి. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో మీ పుస్తకంలో గంటల్లో ఉంటుంది, చాలా బండ్లకు 250 గంటలు. సర్వీసు కూపన్ ఒక్కటి తప్పినా వారంటీకి మెలిక పెడతారు.

రోజూ పొద్దున చేయాల్సింది పది నిమిషాల పని: ఇంజన్ ఆయిల్ మట్టం, రేడియేటర్ నీళ్లు, టైర్ల గాలి, వదులైన నట్లు. వేడి మీద రేడియేటర్ మూత తెరవకండి. మన దగ్గర బండికి పెద్ద శత్రువు దుమ్ము. ఆషాఢం గాలికి ఎర్ర దుమ్ము లేచే చేనిలో పని చేశాక ఎయిర్ ఫిల్టర్ తప్పనిసరిగా చూడాలి. ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలో అడుగున మట్టి పేరుకుంటే ఆయిల్ మార్చండి. ఎండు రకమైతే పుస్తకంలో చెప్పినట్టే దులపండి, నీళ్లతో కడగకండి. చెనిక్కాయ కొట్టేటప్పుడు పొట్టు రేడియేటర్ జాలీకి అతుక్కుని బండి వేడెక్కుతుంది, మధ్యాహ్నం ఒకసారి ఆపి ఊడ్చేయండి. సాయంత్రం ఇంటికొచ్చాక డీజిల్ ట్యాంకు నింపి పెడితే రాత్రి చల్లదనానికి లోపల తేమ చేరదు.

ముందు చక్రాలకు సర్కారు కంప ముళ్లు దిగడం ఇక్కడ మామూలే. గట్ల పక్కన కంప కొట్టిన రోజు ఆ దారిలో బండి తిప్పకండి. టూల్ బాక్సులో పంచర్ సామాను, గాలి పంపు పెట్టుకోండి.

మనుషులు జాగ్రత్త

ఇది నేను అందరి ఇళ్లకూ వెళ్లి చెప్పాలనుకునే సంగతి. ఒక వానాకాలం మా దిబ్బ ట్రాలీ వంకలో దిగబడింది. లాగడానికి గొలుసును కింద హుక్కుకు కట్టకుండా పైన పనిముట్టును తగిలించే టాప్ లింకు దగ్గర కట్టాను. క్లచ్ వదలగానే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. క్లచ్ మళ్లీ తొక్కాలన్న బుద్ధి ఆ క్షణంలో పుట్టబట్టి బతికాను. లాగే బరువు ఎప్పుడూ కింద డ్రాబార్‌కే కట్టాలి. పైన కడితే బండి వెనక్కి తిరగబడి నడిపేవాడి మీదే పడుతుంది, తప్పుకునేందుకు రెండు సెకన్లు కూడా ఉండవు. లోతు వంక నుంచి ఎక్కాల్సి వస్తే ముందుకు కాకుండా వెనక్కి నడుపుతూ ఎక్కించడం మేలు.

రెండు బ్రేకు పెడళ్లు చేనిలో మలుపుకు విడివిడిగా వాడతాం. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. మరిచిపోతే ఒకవైపే బ్రేకు పడి బండి పల్టీ కొడుతుంది. పీటీవో తిరుగుతున్నప్పుడు లుంగీ, తువ్వాలు, చీర కొంగుతో దగ్గరికి పోకూడదు. షాఫ్టు మీద కవచం ఊడితే ఆరోజే వేయించండి. మడ్‌గార్డ్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని పొలం చూపించడం మనకు అలవాటు. దయచేసి మానండి. చిన్న గతుకు చాలు, జారి వెనక చక్రం కింద పడతారు. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అతికించండి, చీకట్లో హైవే మీద కాయ తోలేటప్పుడు వెనకొచ్చే లారీకి కనబడేది అవే.

మే నెలాఖరుకు మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. గొర్రు కర్రులు సానబట్టించి, గింజలు పడే గొట్టాలు ఊది చూసి, గ్రీజు కొట్టి, ట్యాంకు నింపి బండిని చేనివైపు ముఖం పెట్టి నిలబెడతాం. విత్తనకాయ ఒలిచి సంచుల్లో సిద్ధంగా ఉంటుంది. ఈ ఏడాది ముందు వంతు మా చిన్నాయన వాళ్లది. తలుపు దగ్గర గోడ మీద సుద్దముక్కతో ఆ మాట రాసి ఉంది.